పన్నెండు అంగలు

బడి వెనక బీడులో రెండు రాళ్ళు పెట్టి, వాటి నడుమ నుంచి పన్నెండు అంగలు వేశాడు జర్మనీ తాత. ఆగాడు. మడమతో నేలను మూడుసార్లు తొక్కాడు. వెనక్కి తిరిగి, ఆ రాళ్ళవైపు చూస్తూ చాలాసేపు అలాగే నిలబడిపోయాడు.

రోజూ ఇదే పని. ఊళ్ళో పనిచేసే స్వచ్ఛంద సంస్థవాళ్ళ అతిథి గదిలో దిగిన ముసలాయన. డెబ్భై దాటాయి, ఎడమకాలు కుంటి. మండే ఎండలో ఈ నడకేమిటో ఎవరికీ అంతుపట్టలేదు.

"నీళ్ళు చూస్తాండాడప్పా" అని తేల్చేశాడు సుంకప్ప. "వాళ్ళ దేశంలో బోరుకు నీళ్ళు చూసేదానికి టెంకాయలు యాడుంటాయి? మడమతోనే పట్టేస్తారు."

ఆ మాట ఓబుళేసు చెవిన పడింది. ఇంకేముంది!

రెండువేల మూడో సంవత్సరం. వరసగా మూడో కరువు. ఓబుళేసు చీనీతోటలో బత్తాయి చెట్లు ఆకు ముడిచి, కొస ప్రాణంతో ఉన్నాయి. మూడు బోర్లూ ఎండిపోయాయి. నాలుగో బోరు మాటెత్తితే తన మీద ఒట్టేనంది భార్య లక్ష్మక్క.

మరునాడు పొద్దున్నే తాతను చెయ్యి పట్టుకుని తోటకు తీసుకుపోయాడు. సంస్థలో మాట తర్జుమా చేసే ఎలిజబెత్ అనంతపురం పోయి ఉంది. ఓబుళేసు తాత అరచేతిలో టెంకాయ పెట్టి, నడవమని సైగ చేశాడు.

తాత నవ్వాడు. సరదాకనుకున్నాడేమో, నడిచాడు.

పక్కపక్కనున్న రెండు చెట్ల ముందు మాత్రం ఆయన నవ్వు ఆగిపోయింది. టెంకాయ ఓబుళేసు చేతికిచ్చేశాడు. పన్నెండు అంగలు వేసి, మడమతో తొక్కాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నీళ్ళు! కంట్లోనే వచ్చినాయంటే కింద గంగ ఉన్నట్లే!" అంటూ ఓబుళేసు అక్కడే బోరుకు గుర్తుగా గూటం కొట్టాడు.

తాత కంగారుపడ్డాడు. తల అడ్డంగా ఊపాడు. రెండు చేతులూ ఊపి "నో, నో" అన్నాడు.

దానికి తర్జుమా అక్కర్లేదు. ఓబుళేసుకు అర్థమైంది కూడా. కానీ ఆశ చెడ్డది.

ఇంటికొచ్చి, "జర్మనీ తాత గుండె మీద చెయ్యేసుకుని చెప్పినాడు లక్ష్మీ. రెండించుల నీళ్ళంట" అన్నాడు.

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. ఇది బాగానే అతికింది. లక్ష్మక్క తన ఒట్టు తానే తీసి గట్టు మీద పెట్టి, బోరు ఖర్చుకని పాడి ఎనుమును తలుగు విప్పి తానే అమ్మకానికి పంపింది. ఆ గేదె మలుపు తిరిగేదాకా వాకిట్లోనే నిలబడింది.

బోరు లారీ వచ్చింది. ఊరంతా తోటలోనే ఉంది. నాలుగు వందల అడుగులు దిగినా తెల్లటి దుమ్మే. తడి కూడా తగల్లేదు.

"ఎవురు చెప్పినారు ఈడ నీళ్ళుండాయని?" లక్ష్మక్క గొంతు చీరుకుపోయింది. "నా ఎనుము పాయ! ఎవురు? చెప్పండప్పా!"

ఓబుళేసు చుట్టూ చూశాడు. జనం వెనక నిలబడిన తాతవైపు వేలు చూపించాడు.

"ఆయప్పే."

అందరూ తిరిగి చూశారు. తాత లక్ష్మక్క ముఖం చూశాడు. తనవైపు చాచిన ఓబుళేసు వేలు చూశాడు. ఆ తర్వాత మెల్లగా కుడిచెయ్యి పైకెత్తాడు. తలకంటే పైకెత్తి, అలాగే ఉంచాడు.

లక్ష్మక్క దోసెడు దుమ్ము తీసి ఆయన ముఖాన కొట్టింది. ఆయన తుడుచుకోను కూడా లేదు.

మర్నాడే వెళ్ళిపోయాడు. ఏం జరిగిందని ఎలిజబెత్ ఎంత అడిగినా చెప్పలేదట.

తోట ఎండిపోయింది. ఓబుళేసుకు నిద్ర పోయింది, తిండి పోయింది. ఏ ఎండు కొమ్మ చూసినా ఆ ఎత్తిన చెయ్యే కనిపించేది. నిజం చెప్పేద్దామని ఎన్నిసార్లు లక్ష్మక్క ముందు కూర్చున్నా నోరు పెగిలేది కాదు.

రెండేళ్ళకు ఎలిజబెత్ ఒక పేపరు ముక్క పట్టుకుని ఇంటికొచ్చింది.

"అన్నా, జర్మనీ తాత పోయినాడు."

పేపరులో పాత ఫోటో. నిక్కరు వేసుకున్న కుర్రవాడు, కాలికింద బంతి.

"ఫుట్‌బాల్ ఆడినాడంట, వాళ్ళ దేశం తరపున. యుద్ధం అయిపోయినాక, ఊర్లన్నీ ఇంకా కూలిపోయి ఉన్న కాలంలో. గోలు పడకుండా అడ్డుకునే డిఫెండరు. ఎనిమిదేండ్లు ఆయన్ని దాటి పోవాలంటే తలప్రాణం తోకకొచ్చేదంట."

"మరి మాకెవురికీ చెప్పలేదే?"

"పెద్ద ఆట ఒకటి ఓడిపోయినారన్నా. ఆఖరి నిమిషంలో గోలు ముందర ఎదుటోని కాలికి కాలు అడ్డం పెట్టి పడేసినారు. దానికి శిక్ష, పన్నెండు అంగల దూరంలో బంతి పెట్టి నేరుగా గోలుకు కొట్టనిస్తారు. కొట్టినారు. పడింది. తప్పు ఈయనదేనని ఆ తర్వాత ఈయన్ని జట్టులోకి పిలవనే లేదు. సొంతూర్లోనే ముఖాన ఉమ్మినారంట."

పన్నెండు అంగలు. ఓబుళేసుకు తోటలోని ఆ రెండు చెట్లు గుర్తొచ్చాయి.

"పాపం" అంది లక్ష్మక్క ముక్తసరిగా. ఎనుము ఇంకా ఆమె కళ్ళలోంచి పోలేదు. "చేసిన తప్పుకు అనుభవించినాడు."

"ఆ తప్పు ఈయనది కాదంట వదినా! సమాధి కాడ ఇంకో ముసలాయన ఏడ్చుకుంటా చెప్పినాడంట. కాలు అడ్డం పెట్టింది తానేనంట. అప్పుడే జట్టులోకి వచ్చినోడు, అదే మొదటి ఆట. ఇద్దరూ ఒకేచోట పడినారు. ఎవురని రెఫరీ అడిగితే, ఈ తాత చెయ్యి ఎత్తినాడంట."

లక్ష్మక్క చేతిలోని చేట ఆగిపోయింది.

దాన్ని కింద పెట్టింది. తర్వాత మొగుడివైపు తిరిగింది.

"మరి మన బోరు కాడ?"

ఓబుళేసుకు అప్పుడూ నోరు పెగల్లేదు; కుడిచెయ్యి మాత్రం మెల్లగా పైకెత్తాడు.