నాలుగు బల్లలు

"ఎవర్రా ఈ బల్లలు కలిపింది?"

డైరెక్టరు అరుపుకి క్యాంటీన్ సెట్టులో స్పూన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. రోజూలాగే పొద్దున సుద్దముక్కతో గుర్తులు పెట్టి మరీ ఎడంగా వేయించిన నాలుగు బల్లలూ ఇప్పుడు రైలుపెట్టెల్లా ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. కుర్రాళ్ళూ అమ్మాయిలూ కలగాపులగంగా కూర్చుని, ఒకరి ప్లేటులోది ఒకరు లాక్కుతింటున్నారు.

ఆయన పద్ధతే వేరు. తీస్తున్నది బడిపిల్లల సినిమా కాబట్టి ఏ గుంపు ఆ గుంపుగానే ఉండాలి, షాటు లేనప్పుడు కూడా. చదువుల బల్ల, ఆటల బల్ల, సోకుల బల్ల, అల్లరి బల్ల. ఒక బల్లవాళ్ళు ఇంకో బల్లకి మంచినీళ్ళు అందించినా ఒప్పుకోడు. అలా ఉంటేనే కెమెరా ముందు సహజంగా వస్తుందట. సెట్టులో ఆయన మాటే వేదం.

"నేనే సర్" అంటూ చదువుల బల్ల అమ్మాయి లేచింది. సినిమా కంపెనీ ఇచ్చిన పవర్ లేని కళ్ళజోడు ముక్కు మీంచి జారుతోంది. సినిమా మొత్తంలో ఆ పిల్లకున్నది ఒకే ఒక్క డైలాగు. దానికోసం ఆరుసార్లు ఆడిషన్‌కి తిరిగింది. పెద్దమ్మ దగ్గర్నుంచి పక్కింటివాళ్ళ దాకా అందరికీ చెప్పేసుకుంది కూడా. అయినా గొంతులో వణుకన్నది లేదు.

"నీ డైలాగు పక్కమ్మాయికి ఇచ్చేస్తా, తెలుసా?"

"ఇచ్చేయండి సర్. కానీ ముందు ఒక్క మాట వినండి. ఇలా ఏ బడిలోనూ ఉండదు."

అసిస్టెంటు నాలిక్కరుచుకున్నాడు. డైరెక్టరు మాత్రం నవ్వాడు.

"పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ! నేను కళ్ళారా చూశానమ్మా, ఒకసారా రెండుసార్లా? కళ్ళజోడు పెట్టినవాడు తలెత్తడు. కండలున్నవాడికి లెక్కలు రావు. అందగత్తె అద్దం వదలదు. అల్లరివాడు ఆఖర్న మంచివాడవుతాడు. అదీ బడంటే."

"ఒరేయ్ కండలూ, లేచి చెప్పరా" అందా అమ్మాయి.

ఆటల బల్ల కుర్రాడు మూతి తుడుచుకుంటూ లేచాడు. "నాకు బంతంటే భయం సర్. మీదికొస్తే కళ్ళు మూసేసుకుంటా. లెక్కల్లో మాత్రం క్లాసు ఫస్టు."

"మరి ఆ కండలెక్కణ్ణుంచి వచ్చాయి?"

"నాన్నది ఫర్నిచర్ షాపు. సెలవులిస్తే చాలు, బీరువాలు మోయిస్తాడు."

సోకుల బల్ల పిల్ల అడక్కుండానే చేతులు చాపింది. గోళ్ళకి రంగు, గోళ్ళ సందుల్లో గ్రీజు. "మా మామయ్య షెడ్డులో బైకులు బాగుచేస్తాను సర్. పొద్దున మొరాయించిన మీ జనరేటర్ని స్టార్ట్ చేసింది కూడా నేనే."

అల్లరి బల్ల నాయకుడు కూడా లేచాడుగానీ, అంతమంది చూస్తుంటే సిగ్గుతో తల దించేసుకున్నాడు. చెవులు ఎర్రబడి మళ్ళీ కూర్చున్నాడు. లైట్లవాళ్ళతో సహా అందరూ ఘొల్లున నవ్వారు.

డైరెక్టరు తొణకలేదు. "నూటికో కోటికో ఒకళ్ళుంటారు. వాళ్ళని చూసి సినిమా తియ్యం. బల్లలు విడదీయండి!"

అసిస్టెంటు బల్ల ఒక కొస పట్టుకున్నాడు. అమ్మాయి రెండో కొస పట్టుకుంది. ఇప్పుడు ఆ పిల్లకి నిజంగానే కోపం వచ్చింది. నాలుగు రోజుల నుంచి పక్క బల్లవాళ్ళు, వేషమన్న సంగతి మర్చిపోయి, తనని "పుస్తకాల పురుగు" అని వెక్కిరిస్తున్నారు. తను కూడా వాళ్ళని "మొద్దులు" అంది. నిన్న ఇంటికెళ్ళాక ఆ రెండు మాటలూ తలుచుకుని ఏడ్చింది. అందుకే ఇవాళ బల్లలు జరిపింది.

"ఒక్క ప్రశ్న సర్. జవాబు చెప్తే ఈ కళ్ళజోడు మీకిచ్చేసి వెళ్ళిపోతా. చదువుకునేటప్పుడు మీరు ఏ బల్ల దగ్గర కూర్చునేవారు?"

డైరెక్టరు కండల వైపు చూశాడు, సోకుల పిల్ల వైపు చూశాడు, చెవులింకా ఎర్రగానే ఉన్న అల్లరి నాయకుడి వైపు చూశాడు. తర్వాత ఒక కుర్చీ లాక్కుని వాళ్ళ మధ్యలో కూలబడ్డాడు.

"బల్లలు ఇలాగే ఉండనీయండి. షాటు కూడా ఇలాగే తీస్తున్నాం. డైలాగు నీదేనమ్మా."

"నేనడిగినదానికి జవాబు చెప్పలేదు సర్" అంది, పట్టిన పట్టు వదలకుండా.

"చెప్పడానికి నేను బడికెళ్తే కదమ్మా! మా నాన్న సినిమా హాల్లో ఆపరేటరు. ఆయన పక్కన స్టూలెక్కి, ప్రొజెక్టరు గది కన్నంలోంచి చూసిందే నాకు తెలిసిన బడి."