ముందు వరుస

“ముందు వరుస కుటుంబసభ్యులకేనండీ. మీరేమవుతారు?” మ్యూజియం గుమ్మంలో గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు.

“లోపల ఫోటోలో ఉన్నాయనకి సొంత తమ్ముణ్ణి,” అన్నాడు ఇస్త్రీ చొక్కా పెద్దమనిషి, దర్జాగా.

“ఆయనెవరూ లేరే! ఇవాళ ప్రభుత్వం తెరుస్తున్నది ట్రాన్స్‌జెండర్ల చరిత్ర గది. ఫోటోలో ఉన్నది వరదలో పడవేసుకుని ఊరందర్నీ ఒడ్డుకు చేర్చిన పడవమ్మగారు.”

పడవమ్మ ఆ పక్కనే నిలబడి కొత్త చీర కుచ్చిళ్లు సర్దుకుంటోంది. తను మొదటిసారి చీర కట్టిన రోజున ముఖం మీదే తలుపేసిన తమ్ముడు, పేపర్లో ఫోటో పడగానే ఊడిపడ్డాడన్నమాట! ఆమెకి నవ్వాగలేదు.

“అన్నయ్యా, నువ్వైనా చెప్పు,” అని గొణిగాడు అతను.

“ఎవరు బాబూ నువ్వు? నా తోడబుట్టినవాళ్లయితే అక్కా అని పిలుస్తారే!”

అతని ముఖం కందగడ్డలా అయింది. వెనకనుంచి భార్య మోచేత్తో ఒక్క పోటు పొడిచింది.

“...క్కా,” అన్నాడు నేలచూపులు చూస్తూ.

“సగం మింగేశావు. నాకసలే చెవుడు.”

“అక్కా!”

ఆ కేకకి హాలంతా వెనక్కి తిరిగింది. ఇంకో పదిసార్లు అనిపించి ఏడిపిద్దామనుకుంది పడవమ్మ. తీరా ఆ పిలుపు చెవిన పడేసరికి ఆ సంగతే మరిచిపోయింది. చెయ్యి చాచి అతని చొక్కా కాలరు సరిచేసింది.

“ఈయన మీ తమ్ముడేనామ్మా?” అనడిగాడు గార్డు.

“అవును, లోపలికి పంపించు నాయనా,” అంది కళ్లు తుడుచుకుంటూ. “ఇప్పుడే పుట్టాడు.”