మరుగుదొడ్డి చెప్పిన రోగం

ఇంటింటా మరుగుదొడ్డే మూత్రం పరీక్షించి, ఉన్న రోగాన్ని పైకి చెప్పే రోజులవి. పెట్టించిన వారానికే అది భ్రమరాంబకు క్లమీడియా అనే సుఖవ్యాధి ఉందనీ, భర్త కూడా మందు వాడాలనీ చెప్పింది.

"ఎవడి దగ్గర తెచ్చుకున్నావే?" అని అత్త అనసూయ వంటింట్లోంచి కేకలేసింది. భర్త శశిధర్ తలెత్తలేదు.

మాత్రలు తెచ్చిన నర్సు మేరీ అతని పాత రిపోర్టులు తిరగేసింది. "మూడేళ్ల కిందటే మీ ఆఫీసు మరుగుదొడ్డి పరీక్షలో మీకు ఇదే జబ్బని తేలింది కదండీ. మందు మీరొక్కరే మింగి ఊరుకున్నారా? ఆడవాళ్లలో ఇది చాలాసార్లు పైకి కనబడదు. లోపల గర్భసంచి గొట్టాల్ని పాడుచేస్తుంది."

ఆ మూడేళ్లూ పిల్లలు లేరని ఇంటిల్లిపాదీ తనను ఆడిపోసుకోవడం భ్రమరాంబకు గుర్తొచ్చింది.

"చెబితే వెళ్లిపోతావేమోనని..." శశిధర్ గొణిగాడు.

అనసూయ కొడుకును పల్లెత్తు మాట అనలేదు. "అయితే దీనికిక పిల్లలు పుట్టరా?" అని నర్సును అడిగింది.

"గొట్టాలు మూసుకుపోయుంటే కష్టమేనండీ. పరీక్ష చేయించాలి."

"పరీక్షలెందుకు? వాడికి ఇంకో సంబంధం చూస్తాను."

భ్రమరాంబ మాత్ర మింగి, గ్లాసు కింద పెట్టింది.

"చూడండి అత్తయ్యా. ఆ పిల్లకు మీ అబ్బాయి రిపోర్టు నేనే తీసుకెళ్లి ఇస్తాను."