వెంట్రుక మందం కాలవ

గోదావరి జిల్లాలో కాలవలకేం తక్కువ! కానీ రాజమండ్రి కాలేజీ ల్యాబులో మంజుష మేడం గీయించిన కాలవ వెంట్రుక మందమే. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పలక మీద ఓ గీత, దానికి మూతగా ఇంకో పలక. రెండూ అతుక్కుంటే చిప్ తయారు. రొయ్య రక్తం ఒక్క చుక్క అందులోకి పంపితే, చెరువుకి తెల్లమచ్చ తెగులు సోకిందో లేదో తెలిసిపోతుంది.

అతుక్కుంటే కదా! ఓవెన్లో వేడి కాస్త పెంచితే కాలవ పూడిపోయేది. తగ్గిస్తే పలకల సందుల్లోంచి కారిపోయేది. జిగురు పూస్తే ఆ జిగురే కాలవలోకి దూరి కూర్చునేది. ఏడాదిన్నరగా మేడం గారికి ఇదే ఏడుపు.

చివరికి విసిగిపోయి ఆ పని అటెండరు చిట్టియ్యకి అప్పగించారు. టెంపరరీ ఉద్యోగి. ఓవెన్ని ముట్టుకోవాలంటేనే భయపడే మనిషి. విచిత్రమేమిటంటే, వారం తిరక్కుండానే చుక్క కారని చిప్ తెచ్చి మేడం చేతిలో పెట్టాడు. ఆ తర్వాత ఏడు నెలల్లో ఒక్కటీ కారలేదు. అతను పెట్టిన షరతు ఒకటే, ఓవెన్ ఛాయలకి ఎవరూ రాకూడదు. తలుపు తీస్తే లోపలి వేడి చెదిరిపోతుందట.

ఇంతలో హైదరాబాదు నుంచి ప్రాజెక్టుకి డబ్బిచ్చే కమిటీ దిగింది. చిప్ అప్పటికప్పుడు తయారవ్వాలి, కారకూడదు. కారిందా, ప్రాజెక్టు రద్దు. 

చిట్టియ్య అందరి ముందూ పలకలు ఓవెన్లో పెట్టి స్విచ్ వేశాడు. ఎర్ర లైటు వెలిగింది.

"గంటన్నర పడుద్దండి. ఈలోగా భోజనాలు కానివ్వండి," అన్నాడు.

కమిటీ వాళ్ళు క్యాంటీన్లో కొరమీను పులుసు పని పట్టారు. చిట్టియ్య ల్యాబుకి తాళం వేసుకుని, సార్లకి కాజాలు తెస్తానంటూ సైకిలెక్కాడు. తిరిగొచ్చేసరికి చొక్కా అంతా చెమట. దగ్గరికొస్తే ఆస్పత్రి వాసన.

చిట్టియ్య ల్యాబులోంచి తెచ్చిచ్చిన చిప్‌లోకి కమిటీ ఛైర్మన్ గారు స్వయంగా సిరంజితో రంగునీళ్ళు ఎక్కించారు. ఈ చివర ఎక్కిన నీళ్ళు బుద్ధిగా ఆ చివర తేలాయి. అంచులకి కాగితం అద్ది చూశారు. తడి లేదు. మేడం గారికి సంతోషంతో కళ్ళు చెమర్చాయి.

ఛైర్మన్ గారు అక్కడికక్కడే రాసేశారు. ప్రాజెక్టుకి మరో మూడేళ్ళు. ఇంకో ఆరు కాలేజీలకి అచ్చంగా ఇలాంటి ఓవెన్లే. వాళ్ళందరికీ పని నేర్పడానికి చిట్టియ్య.

కమిటీ కారు గేటు దాటగానే మేడం ఈ కబురు చెప్పి, ఇక నీ ఉద్యోగం పర్మనెంటేనయ్యా అన్నారు. చిట్టియ్య మొహం పాలిపోయింది. భుజమ్మీది తువ్వాలు చేతుల్లో నలుపుతూ, గొంతు తగ్గించి అన్నాడు.

"కోప్పడకండి మేడం గారూ, ఆ ఓవెన్లో కాయిల్ నా చేతిలో పడ్డ మొదటి రోజే మాడిపోయిందండి, అప్పట్నుంచీ పలకలన్నీ దేవీచౌక్‌లో మా తోడల్లుడి నేమ్‌ప్లేట్ల కొట్లో ప్లాస్టిక్ అక్షరాలంటించే క్లోరోఫాం పెట్టి అతికించుకొస్తున్నానండి."