విశ్రాంతి వేళ

బవేరియా కొండల్లో, గాలి మార్పుకు వచ్చేవాళ్ళ మీద బతికే ఊరు మాది. ఒంటిగంట నుంచి మూడింటి దాకా ఇక్కడ ఎవరూ గట్టిగా తుమ్మను కూడా తుమ్మరు. ఎవరైనా పోతే చర్చిలో కొట్టే చావుగంటయినా మూడు దాటాకే. పట్టుబట్టి ఆ నియమం పెట్టించింది లాడ్జి నడిపే వాల్బుర్గాయే.

ఆరోజు రెండింటికే చర్చి గంట మోగింది. వాల్బుర్గా పిండి చేతులతోనే పరుగెత్తింది.

"మతి పోయిందా కోర్బినియన్? మా లాడ్జిలో వాళ్ళు పడుకున్నారు. పోయినవాడు మూడింటి దాకా ఆగలేడా?"

గంట కొట్టే ముసలి కోర్బినియన్ తాడు వదిలి, టోపీ తీశాడు.

"పదేళ్ళుగా అందర్నీ ఆపానమ్మా. నాతో కలిసి ఈ తాడు లాగినవాణ్ణి ఆపబుద్ధి కాలేదు. ఫాదర్ గారు మీ ఇంటికే బయల్దేరారు. అడవిలో చెట్టు మీదపడి, మీ ఆయన..."

పైన గంట ఊగి ఊగి ఆగిపోయింది.

"ఎందుకాపావు?" అంది వాల్బుర్గా. "కొట్టు. అందర్నీ లేవనియ్యి."