రాహేలమ్మ ఆగిన చోటు

పాడేవాళ్లు తర్వాత ఏ స్వరం అందుకుంటారో యంత్రం ముందే పసిగట్టి, వాద్యాలన్నీ తానే వాయించేసే కాలమది. గుంటూరులో క్రైస్తవ గీతాలు రికార్డు చేసే దైవసహాయానికి అది ఒక్కసారైనా తడబడిన గుర్తు లేదు. అంతా ముందే తెలిసిపోయే పాటలో దేవుణ్ణి వెతకడం అతను ఎప్పుడో మానేశాడు.

ఆ ఉదయం కొల్లిపర నుంచి వచ్చిన డెబ్బయ్యేళ్ల రాహేలమ్మ చెప్పులు బయట విడిచి, అద్దాల గదిలో మైకు ముందు నిలబడి పాట ఎత్తుకుంది. రెండో చరణం సగంలో ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆమెతోపాటే యంత్రమూ ఆగింది. తెర మీద ఎప్పుడూ ముందుకు పరుగెత్తే స్వరాల గీత కదలకుండా నిలిచిపోయింది. దైవసహాయం చెయ్యి అలవాటుగా కత్తిరింపు మీట మీదికి వెళ్లింది.

“మాట మర్చిపోయావా అమ్మా?” అని మైకులో అడిగాడు.

“లేదు బాబూ. మా ప్రార్థన కూటంలో పాడేటప్పుడు ఎవరికన్నా ఏడుపొస్తే, వాళ్లు తేరుకున్నాకే మళ్లీ ఎత్తుకుంటాం.”

“ఇక్కడున్నది మనిద్దరమే కదమ్మా. ఎవరేడుస్తున్నారు?”

రాహేలమ్మ అద్దంలోంచి అతన్నే చూసింది. దైవసహాయం చెంప తడుముకున్నాడు. తడిగా ఉంది. ముప్పయ్యేళ్లుగా పాటల్లోని మౌనాలన్నీ కత్తిరించిన చేతిని మీట మీంచి మెల్లగా తీసేశాడు.

అతను తేరుకునేదాకా ఆగారు ఇద్దరూ, అద్దానికి అటు రాహేలమ్మ, ఇటు యంత్రం.