పోశవ్వ ఒప్పుకుంటేనే

ఒక్క ఆడపిల్లకు ఒకే ఆదివారం పొద్దున మూడు సంబంధాలు వచ్చి గుమ్మంలో కూర్చుంటే ఏ తండ్రికైనా సంతోషమే. కానీ ఆ మూడిళ్లవాళ్లూ సంబంధం ఖాయమైపోయిందనీ, ముహూర్తం పెట్టుకోవడమే మిగిలిందనీ అంటే? కొత్తవాడలో జంపఖానాలు నేసే మార్కండేయులుకు ఆ రోజు సరిగ్గా అదే జరిగింది.

మట్టెవాడ సారయ్య అందరికంటే ముందు గొంతెత్తాడు.

"నీ బిడ్డనే మా ఇంటికి వచ్చింది బావా. మగ్గాలెన్ని, గోత్రమేంది, ఆడబిడ్డలెంతమంది, పిలగాడు కల్లు తాగుతడా, అన్నీ అడిగింది. చాయ్ గూడ తాగిపోయింది. ఇంకేం మిగిలింది?"

తమ ఇంట్లోనూ అచ్చం ఇవే అడిగిందని రెండో ఇంటి యాదగిరి అన్నాడు. గిర్మాజీపేట పోశవ్వ అయితే, పిల్ల తమ వంటింట్లోకి వచ్చి పొయ్యి కూడా చూసుకుని పోయింది కాబట్టి హక్కు తమదేనని వాదించింది. ఆమె వెనకాల కొడుకు సాంబమూర్తి ఎటు చూడాలో తెలియక నిలబడ్డాడు.

మార్కండేయులుకు తల తిరిగిపోయింది. బిడ్డను బయటికి పిలిచాడు.

సరోజన యూనివర్సిటీలో ప్రాంతీయ అధ్యయనంలో ఎం.ఏ. చదువుతోంది. ఆ చదువేమిటో వాడలో ఎవరికీ అంతుపట్టలేదు. మన ప్రాంతం గురించి మనమే చదువుకోవడమని ఆమె చెబితే, పుట్టి పెరిగిన ఊరి గురించి ఫీజు కట్టి చదవడమెందుకని తండ్రి చేరిననాడే గొణిగాడు. ఇప్పుడు రెండో ఏడు. వరంగల్ నేతపనివాళ్ల బతుకుల మీద థీసిస్ రాయాలి. ఇల్లిల్లూ తిరిగి ఆ ప్రశ్నలన్నీ అడిగింది అందుకే.

సరోజన ఆ సంగతి అందరికీ విడమరిచి చెప్పింది. చదువు పూర్తయ్యేదాకా తన దగ్గర పెళ్లి మాట ఎత్తొద్దని కూడా గట్టిగానే చెప్పింది.

సారయ్య కాసేపు ముఖం మాడ్చుకుని, ఆ పుస్తకంలో తన పేరు ఉంటుందా అని అడిగాడు. ఉంటుందనేసరికి చల్లబడ్డాడు. యాదగిరి తన తాత పేరు కూడా రాయమన్నాడు. పోశవ్వ మాత్రం దిగ్గున లేచింది.

"మా ఇల్లేమన్న తమాషానా? మా ముచ్చట నీ బుక్కుల ఉండొద్దు."

అంతే, కొడుకును వెంటబెట్టుకుని వెళ్లిపోయింది.

సరోజన ముఖం పాలిపోయింది. తల్లి గుంటమగ్గం మీద, కొడుకు పక్కగదిలో పవర్‌లూమ్ మీద నేసే ఇల్లు ఆమె తిరిగినవాటిలో పోశవ్వదొక్కటే. థీసిస్ అంతా ఆ ఇంటి చుట్టే అల్లుకుంది. వద్దన్నవాళ్ల సంగతి రాయకూడదని థీసిస్ గైడు సారు ముందే చెప్పాడు. ఆ ఇల్లు లేకుండా థీసిస్ తేవద్దని కూడా ఆయనే చెప్పాడు. ఇక పోశవ్వ ఒప్పుకోకపోతే చదువంతా గంగలో కలిసినట్టే.

మరుసటి ఆదివారమే పోశవ్వను బతిమాలడానికి బయల్దేరింది. సాయంత్రం వచ్చి, ఒప్పుకోలేదని చెప్పింది. ఆ తర్వాతి ఆదివారమూ అంతే. వానలు పోయాయి, బతుకమ్మ పోయింది, చలి వచ్చింది. ఆదివారం వచ్చిందంటే సరోజన ఇస్త్రీ చీర కట్టుకుని గిర్మాజీపేట దారి పట్టేది. పాపం, చదువంటే అంత పట్టుదల.

తల్లి విమలమ్మకు కడుపు తరుక్కుపోయేది. ఆ మనిషిది గుండెనా బండరాయా అని తిట్టుకుంటూనే, ఆమె మనసు కరగాలని ఓసారి సకినాలు, ఓసారి గారెలు డబ్బాలో పెట్టి పంపేది. డబ్బా ఖాళీ అయి వచ్చేది, మంచి మాట మాత్రం వచ్చేది కాదు. ఈ చదువెందుకని గొణిగిన మార్కండేయులు కూడా చివరికి తానే వచ్చి పోశవ్వ కాళ్లు పట్టుకుంటానన్నాడు. సరోజన కంగారుగా అడ్డం పడింది. నువ్వొస్తే ఆమె ఇంకా మొండికేస్తుందని ఆపేసింది.

"అయితే జర ఓపిక పట్టు బిడ్డా, ఫికర్ చెయ్యకు. ఎన్నడో ఒకనాడు ఆమెకు మనసొస్తది" అన్నాడు తండ్రి. బిడ్డ తల వంచుకుని సరేనంది.

ఎండలు ముదిరాక, థీసిస్ ఇవ్వాల్సిన వారంలో, పోశవ్వ ఒప్పుకుందని సరోజన పరుగున వచ్చి చెప్పింది. ఆ పూట ఇంట్లో అందరూ కడుపునిండా తిన్నారు.

వైవా బ్రహ్మాండంగా జరిగింది. హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దమనిషి పోశవ్వ ఇంటి అధ్యాయం దగ్గరే ఆగిపోయి, నెలలకొద్దీ ఆ ఇంట్లోనే ఉన్నట్టు రాశావమ్మా అని మెచ్చుకున్నాడట. ఫస్ట్ క్లాస్. వాడలో మొట్టమొదటి ఎం.ఏ. మార్కండేయులు సంతోషం పట్టలేక, బిడ్డ తిరిగిన ఇళ్లవాళ్లందరినీ భోజనానికి పిలిచాడు. సారయ్య తన పేరున్న పేజీని కనిపించినవాళ్లందరికీ చూపించుకుంటూ తిరిగాడు. కొడుకు సాంబమూర్తిని తీసుకుని పోశవ్వ కూడా వచ్చింది.

మార్కండేయులు ఎదురువెళ్లి ఆమెకు చేతులు జోడించాడు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"నీ రుణం తీర్చుకోలేను తల్లీ. మొన్న నువ్వు ఒప్పుకోకపోతే నా బిడ్డ చదువు ఆగమయ్యేది."

పోశవ్వ వింతగా చూసింది.

"మొన్ననా? నేను దసరాకే ఒప్పుకున్న గద."

వడ్డిస్తున్న విమలమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. మార్కండేయులు మెల్లగా బిడ్డ వైపు తిరిగాడు.

"మరి ఇన్ని ఆదివారాలు ఏడికి పోయినవే?"

వైవాలో అన్ని ప్రశ్నలకూ జవాబు చెప్పిన పిల్ల, ఈ ఒక్కదానికి మాత్రం విస్తళ్లు సర్దడం మొదలుపెట్టింది. తల్లి పక్కన కూర్చున్న సాంబమూర్తే లేచి నిలబడ్డాడు.

"మా ఇంటికే వచ్చింది, మామా."